బొటనవేలి దెబ్బ

బేస్ గిటారు వాయించేవాడికి మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎంత మర్యాద ఉండేదో చెబితే నవ్వొస్తుంది. ప్రోగ్రాం అయిపోగానే జనం స్టేజీ ఎక్కి పాడినవాడి చెయ్యి పట్టుకుని వదిలేవారు కాదు. డ్రమ్స్ వాయించినవాడి భుజం తట్టేవారు. నా దగ్గరకొచ్చి, "బాబూ, ఆ మైకు వైరు కాస్త సుట్టీ" అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఇక్కడే పనిచేస్తున్న గార్డుగారు ఒకాయన మా పక్క వీధిలో ఉండేవారు. ఆయన ఒకసారి నన్ను ఆపి చాలా జాలిగా అడిగారు: "ఒరే, నీ గిటారుకి కరెంటు ఇవ్వరేటిరా? అందరివీ ఇనపడతన్నాయి, నీదొక్కటే ఇనపళ్ళేదు."

ఆయన తప్పేం లేదు. పాటలో బేస్ ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం ఏదో తగ్గిందని అటూ ఇటూ చూస్తారు. ఆ తగ్గినదేమిటో వాళ్ళకూ తెలియదు. అలాంటి పనిలో పడ్డవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళ వయసులో, జనం నన్ను చూడాలని ఒళ్ళంతా కోరిక పెట్టుకుని, ఎవరూ చూడని వాయిద్యం మెడలో తగిలించుకున్నాను.

అయితే ఆ నాలుగు తీగల మీద ఒకే ఒక్క రకం వాయింపు ఉంది, దానికి మాత్రం ఎవరైనా తల తిప్పాల్సిందే. దాన్ని స్లాప్ అంటారు. తీగను వేళ్ళతో మీటకుండా బొటనవేలి గణుపుతో మోదుతారు. కింది సన్న తీగను చూపుడువేలితో లాగి వదిలేస్తారు. అది వెళ్ళి గిటారు మెడ మీది పలకకు తగిలి టప్పుమంటుంది. ఒకే చెయ్యి ఇటు డప్పూ అవుతుంది, అటు తీగా అవుతుంది. డ్రమ్స్ లేకపోయినా కూర్చున్నవాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆడతాయి.

నాకు దాని మొదటి పాఠం చెప్పినవాడు మా ఆర్కెస్ట్రా పార్టీలో నాకంటే ముందు బేస్ వాయించిన ఆంగ్లో ఇండియన్ కుర్రాడు, ఒక డ్రైవరుగారి అబ్బాయి. వాళ్ళ వాళ్ళంతా ఒక్కో కుటుంబంగా ఆస్ట్రేలియాకు పెట్టెలు సర్దుకుంటున్న రోజులవి, ఎనభైల చివర. వెళ్ళే ముందు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, మోదడం ఎలాగో, లాగి వదలడం ఎలాగో చూపించాడు. పార్టీ గిటారు నా చేతిలో పెట్టాడు. పేరు కూడా రాయని క్యాసెట్ ఒకటి జేబులోంచి తీసి, ఇందులో ఎవరో విదేశీయుడు ఒంటరిగా వాయించిన బేస్ సోలో ఉందని, మిగతాదంతా దాంట్లోనే ఉందని, అది వచ్చిన రోజున నేను ఎక్కడైనా బతకగలనని చెప్పాడు. తర్వాతి వారం వాళ్ళ క్వార్టరుకు వేరే తాళం పడింది. నాకు గురువు అంటూ మిగిలింది ఆ క్యాసెట్టే.

దాన్ని వినాలంటే టేప్ రికార్డరు కావాలి. మా ఇంట్లో ఒకటుంది. దాని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దానికి మా నాన్న చెయ్యి తగిలింది.

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. షెడ్డులో పనిచేసే మగవాళ్ళకు మా కాలనీలో ఒక పట్టుదల ఉండేది. ఇంట్లో ఏది పాడైనా బజారుకు పట్టుకెళ్ళడం నామోషీ. కుక్కరు పిడి, కుట్టుమిషను చక్రం, సైకిలు పెడలు, మంచం కోడు, ఏదైనా సరే టిఫిను సంచిలో షెడ్డుకు వెళ్ళి, రెండ్రోజుల్లో ఇనుముతోనో ఇత్తడితోనో కొత్త భాగం తగిలించుకుని తిరిగొచ్చేది. పాతదానికంటే బరువుగా ఉండేది, ఎప్పటికీ విరిగేది కాదు. ఆడవాళ్ళు ఆ కుక్కరు ఎత్తలేక చస్తున్నా సరే, బుధవారీ బజార్లో మెకానిక్ దగ్గరికి వెళ్తూ కనిపిస్తే మాత్రం ఆ ఇంటాయన పరువు పోయినట్టే.

నేను స్కూల్లో ఉండగానే మా టేప్ రికార్డరు లోపల మోటారుకుండే చిన్న చక్రం పగిలింది. బెల్టు తగిలించే చక్రం అది, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. నాన్న దాన్ని కాగితంలో పొట్లం కట్టి షెడ్డుకు తీసుకెళ్ళాడు. ఇత్తడి ముక్కను లేతు మిషను మీద తిప్పి అలాంటిదే ఇంకొకటి చేసుకొచ్చాడు. మెరుస్తూ చెవి దుద్దులా ఉండేది. బిగించి పాట పెట్టగానే మోగింది. పక్క క్వార్టర్లవాళ్ళు వరసగా వచ్చి చూశారు.

"బజార్లో ఇస్తే ఏటవుతాది? ఆడు లోపలి సామాను మార్చీసి మనకి కాళీ డబ్బా ఇచ్చీగలడు. షెడ్డుండగా బజారెందుకేటి?" అన్నాడు నాన్న అందరితోనూ. మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఆ మిషనుతోనే పెరిగాను. ఆ మిషనులోనే ఆంగ్లో ఇండియన్ కుర్రాడిచ్చిన క్యాసెట్ పెట్టాను.

మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. అది ఒక మనిషి వాయిస్తున్నది కాదని, ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారని అనుకున్నాను. దెబ్బల మధ్య సందు లేదు. గట్టి స్వరం ఒకటి వినపడితే దాని పక్కనే మూగ దెబ్బలు రెండు మూడు, తీగ నొక్కి పట్టి మోదినట్టు టుకు టుకు మని గుసగుసలాడుతున్నాయి. మళ్ళీ మళ్ళీ విని, బటను నొక్కీ నొక్కీ ఒక్కో ముక్కే విడదీసి చూస్తే అర్థమైంది. మనిషి ఒక్కడే. కానీ బొటనవేలితో నాకు తెలియనిదేదో చేస్తున్నాడు.

అదేమిటో కనిపెట్టడానికి ఒక వేసవి పట్టింది. చూపించేవాడు లేడు, బొమ్మల పుస్తకం లేదు, టీవీలో అలాంటివి వచ్చేవి కావు. చివరికి మా క్వార్టరుకు సున్నం వేయడానికొచ్చిన మనిషిని చూస్తూ కూర్చున్నప్పుడు తట్టింది. అతను బ్రష్షును కిందికి లాగినప్పుడు ఎంత పూస్తున్నాడో, పైకి తోసినప్పుడూ అంతే పూస్తున్నాడు. నేను బొటనవేలితో పైనుంచి కిందికి కొట్టి, ఖాళీగా పైకి తెచ్చి, మళ్ళీ కొడుతున్నాను. ఆ విదేశీయుడు ఖాళీగా తేవడం లేదు. కొట్టిన వేలు తీగ దాటి కిందికి దిగి, తిరిగొస్తూ గోటి వెనక వైపుతో అదే తీగను ఇంకోసారి మీటుతోంది. దిగేటప్పుడొకటి, ఎక్కేటప్పుడొకటి. ఆ వెంటనే చూపుడువేలు లాగి వదిలేది మరొకటి. మధ్యలో ఎడమచేతి వేళ్ళు పలక మీద తట్టే మూగ దెబ్బలు. ఇదంతా కలిస్తే ముగ్గురు మనుషులు. ఆ రోజు పెరట్లో ఒక్కణ్ణే గెంతులేశాను. అమ్మ వచ్చి ఏదైనా కుట్టిందేమోనని నా కాళ్ళు చూసింది.

తెలియడం వేరు, చేతికి రావడం వేరు. ముందు శ్రుతి కలవలేదు. క్యాసెట్‌లోని శ్రుతి నా గిటారు కంటే ఒక స్వరం ఎక్కువగా ఉండేది. తీగలన్నీ అంత పైకి బిగించాను. అవి సైకిలు చువ్వల్లా బిర్రుగా తయారయ్యాయి. వాటి మీద బొటనవేలితో మోదడమంటే గోడను మోదడమే. గణుపు మీద నెత్తురు గడ్డకట్టి నల్లగా బొబ్బ లేచేది. అది చితికి మళ్ళీ లేచేది. చూపుడువేలి చివర చర్మం ఊడి వచ్చేది. అమ్మ పసుపు రాసి గుడ్డ కట్టి, "ఏటి బాబూ ఈ పని, సంగీతమంటే చెవికి కదా, సేతికెందుకు దెబ్బలు" అనేది. నేను గుడ్డ విప్పేసి మళ్ళీ కూర్చునేవాణ్ణి.

శ్రుతి తేడా గురించి నాకు అనుమానం రాలేదా అంటే రాలేదు. మా ఆర్కెస్ట్రాలో అది మామూలు సంగతి. పాటలు ఎవరింట్లో వాళ్ళు క్యాసెట్ పెట్టుకుని నేర్చుకొచ్చేవాళ్ళం. ఒక్కొక్కరి మిషను ఒక్కో శ్రుతిలో ఏడ్చేది. హాలుకొచ్చాక హార్మోనియంతో కలుపుకునేవాళ్ళం, డ్రమ్స్ వాయించేవాడు ఎంత వేగం పెడితే అందులో పడిపోయేవాళ్ళం. కానీ ఈ సోలో నా ఒక్కడిది. కలుపుకోవడానికి పక్కన ఎవరూ లేరు. రీలు నలిగిపోతుందని ఆ క్యాసెట్‌ను వేరే మిషనులో పెట్టనూ లేదు. పైగా మా మిషనంత నమ్మకమైనది ఊళ్ళో లేదని వింటూ పెరిగినవాణ్ణి.

నాన్నకు నా వాయింపు మీద కోపమేమీ లేదు. ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ నా వైపు చూసేవాడు. ఆయన వింటున్నాడని నేను ఇంకాస్త గట్టిగా మోదేవాణ్ణి. టీ అయిపోయాక గ్లాసు బోర్లించి, ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "అప్రెంటిస్ పరీచ్చ ఎప్పుడో కనుక్కున్నావేటి?"

మా వీధిలో అందరి కొడుకులూ అలాగే వెళ్ళారు. పరీక్ష, షెడ్డు, క్వార్టరు, పెళ్ళి. నాకు షెడ్డంటే భయం. ఆ నూనె వాసన, ఆ సైరను, ముప్పై ఏళ్ళ తర్వాత నేను అదే గుమ్మంలో కూర్చుని ఇంకెవరినో అదే ప్రశ్న అడగడం, ఇవన్నీ ఊహించుకుంటే ఊపిరాడేది కాదు. ఆ సోలో ఒక్కటే నాకు కనిపించిన దారి. ఒకరోజు తెగించి నాన్నకు చెప్పాను, దుర్గా పూజల వరకు ఆగమని. ఆయన, "సరే, ఈ పూజల దాకా. ఈలోగా ఏదైనా దొరికితే నీ ఇష్టం. లేదంటే నోర్మూసుకుని పరీచ్చకి కూకోవాల" అన్నాడు. మాట తప్పే మనిషి కాదు. నేను కూడా ఒప్పుకున్నాను.

దేవుడు ఉన్నాడనిపించింది ఆ పూజలకు. కలకత్తా నుంచి ఒక పెద్ద ఆర్కెస్ట్రా పార్టీ వచ్చింది. హౌరా లైను పట్టుకుని టాటానగర్, రూర్కెలా మీదుగా ఒక్కో ఊళ్ళో వాయిస్తూ నాగపూర్ దాకా పోయే పార్టీ. వాళ్ళ ముందు మా పార్టీ కాసేపు వాయించింది. నేను ఒక పాట మధ్యలో ఊరికే ఉండలేక నాలుగు స్లాప్ దెబ్బలు వేశాను. దిగి వస్తుంటే వాళ్ళ లీడరు, నడివయసు బెంగాలీ ఆయన, నన్ను చేత్తో పిలిచాడు. వాళ్ళ బేస్ కుర్రాడు బొంబాయి వెళ్ళిపోతున్నాడట. మొత్తం సీజనుకు మనిషి కావాలట. తమ ప్రోగ్రాం మొదలయ్యేదే స్లాప్ సోలోతోనట, ఇది వచ్చా, అని నోటితో రెండు ముక్కలు పాడి వినిపించాడు.

అదే సోలో. ప్రపంచంలో నేను నిజంగా వాయించగలిగింది అదొక్కటే, ఆయనకు కావలసిందీ అదే. వచ్చన్నాను. మర్నాడు పొద్దున్న తమ లాడ్జీకి గిటారు పట్టుకుని రమ్మన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ నా చొక్కా ఇస్త్రీ చేయించింది. నాన్న, "అచ్ఛా, అయితే కలకత్తా అన్నమాట" అని నవ్వాడు. ఆ నవ్వులో నాకు ఏ లోటూ కనపడలేదు.

లాడ్జీ మేడ మీద గదిలో చిన్న డ్రమ్ సెట్టు, ఒక ఆంప్లిఫయరు, మంచం మీద లీడరు. నేను తీగలు సరిచేసుకుంటుంటే కీబోర్డు వాయించేవాడు చూసి, ఇంత పైకి ఎందుకు బిగించావని అడిగాడు. ఆ సోలో శ్రుతి అదే కదా అన్నాను. అతను లీడరు వైపు చూశాడు. సరేలే, ముందు వాయించు అన్నాడు లీడరు. డ్రమ్స్ కుర్రాడు కర్రలు కొట్టి వేగం చెప్పాడు. నేను మొదలుపెట్టాను.

నాలుగు దెబ్బలకే అతను ఒకచోట, నేనొకచోట. ఆపాం. మళ్ళీ వేగం చెప్పాడు. మళ్ళీ అంతే. అతనికి చేతకాదేమోనని నాకు లోలోపల జాలి కూడా కలిగింది. మూడోసారి లీడరు డ్రమ్స్‌ను ఆపి, నువ్వొక్కడివే వాయించు అన్నాడు. వాయించాను. ఆ పొద్దున వాయించినంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ వాయించలేదు. బొటనవేలు దిగుతూ ఎక్కుతూ కనపడకుండా తిరిగింది. ఒక్క దెబ్బ జారలేదు. ముగించి తలెత్తాను. లీడరు లేచి, తన సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి గదిలో ఉన్న టేప్ రికార్డరులో పెట్టాడు.

అదే సోలో. కానీ నిదానంగా, బరువుగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకుంటూ నడుస్తోంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "మీ మిషనులో సెల్స్ వీకైనట్టున్నాయి" అన్నాను హిందీలో, సాయం చేస్తున్నట్టు. డ్రమ్స్ కుర్రాడు పడీ పడీ నవ్వాడు. అది సెల్స్ మీద నడిచేది కాదు, వైరు గోడకు ఉంది. లీడరు మాత్రం నవ్వలేదు. ఇంట్లో ఏ మిషనులో విని నేర్చుకున్నావు బాబూ, అని అడిగాడు.

ఆయన మంచివాడే. తీగలు మామూలు శ్రుతికి దించి, ఈ వేగంలో ఇంకోసారి వాయించమన్నాడు. నెమ్మదిగా వాయించడం తేలికని అనుకునేవాళ్ళు ఎప్పుడూ ఏదీ వాయించని వాళ్ళు. నా బొటనవేలు బిర్రు తీగ మీద పడి ఎగిరి రావడానికి అలవాటు పడింది. వదులు తీగ దాన్ని తిరిగి విసరలేదు. దిగే దెబ్బ ముందే పడిపోతోంది, ఎక్కే దెబ్బ ఆలస్యమవుతోంది, మధ్యలో ఉండాల్సిన మూగ దెబ్బలు పిండిలో రాళ్ళలా పళ్ళకు తగులుతున్నాయి. వేగంలో ఇన్నాళ్ళూ దాక్కున్న తప్పులన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి నిలబడ్డాయి. సగంలో నేనే ఆపేశాను.

"హాథ్ అచ్ఛా హై" అన్నాడు లీడరు. చెయ్యి మంచిదేనట. కానీ తాళంలో కూర్చోవడం లేదట. దీని మీద మనిషి పరుగెత్తగలడు గానీ ఆడలేడట. వచ్చే ఏడాది మళ్ళీ చూద్దామన్నాడు. వాళ్ళు ఎల్లుండి రాయపూర్ వెళ్ళాలి, నాకు నేర్పుతూ కూర్చునే తీరిక ఎవరికుంది? నేను గిటారు సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను. వెనకనుంచి డ్రమ్స్ కుర్రాడు నా సెల్స్ మాటను మళ్ళీ అని నవ్వడం వినిపించింది.

ఇంటికొచ్చేసరికి నాన్న అన్నం తింటున్నాడు. జరిగింది చెప్పాను. మన మిషను వేగంగా తిరుగుతోంది నాన్నా, ఆ చక్రం లావు ఎక్కువైంది, అన్నాను. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"అచ్ఛా, నా చక్రానిదే తప్పేటి? ఆ కలకత్తావోడి మిషనే సుస్తుగా తిరుగుతాదేమో. ఆడి చక్రం నువ్వు ఇప్పి సూసినావేటి?"

"గదిలో అందరికీ తెల్సు నాన్నా అది ఎంత వేగంలో ఉండాలో. నాకొక్కడికే తెల్దు."

"అందరూ ఒకటే అంటే అదే నిజమైపోద్దేటి" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయాడు.

వంటింట్లో అమ్మ కంచాలు తీస్తూ నా వైపు చూడకుండా అంది: "మీ నాన్నకి తెల్సు బాబూ. మొదటి రోజే తెల్సు. పాట పాడినావిడ గొంతు సిన్నపిల్ల గొంతైపోనాదేటండీ అని నానే అన్నాను. నీకేటి తెల్సు అన్నాడు. మర్నాడు ఆ చక్రం ఇప్పి సేతిలో పట్టుకుని సాలాసేపు కూకున్నాడు. ఇంతలో పక్కింటోళ్ళు సూడ్డానికి వచ్చీసినారు. మళ్ళీ బిగించీసినాడు."

"నేను చేతులు పగలగొట్టుకుంటుంటే మీరిద్దరూ చూస్తా కూకున్నారు కదమ్మా. నాకెందుకు సెప్పలేదు?"

అమ్మ నిజంగా ఆశ్చర్యపోయింది. "ఏటి సెప్పేది బాబూ? పాటే కదా. కాస్త బేగి అయిపోతే ఏటవుతాది?"

సాయంత్రం నాన్న వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. సైకిలు స్టాండు వేస్తుండగానే అడిగేశాను, నీకు తెలుసా తెలియదా అని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అమ్మ చెప్పేసిందని నా మొహం చూసి గ్రహించాడు.

"తెల్సు. వెంట్రుకంత తేడా వచ్చింది. ఇంజనుకైతే వదిలీదునేటి? తీసి పారేసి ఇంకోటి సేసీవోణ్ణి. టేపు రికార్డరుకి ఏటిరా?" అన్నాడు. గొంతులో తప్పు చేసిన జాడ లేదు. టీ అడిగాడు. తాగాడు. గ్లాసు బోర్లించాడు. "పూజలైపోనాయి. మరి పరీచ్చ సంగతి కనుక్కో."

చాలా రోజులు నేను ఒక కథ అల్లుకున్నాను, ఆయన నన్ను షెడ్డులోకి లాగడానికే నోరు మెదపలేదని. ఆ కథ నిజమైతే నాకు కొంత ఊరటగా ఉండేది. కనీసం నా బేస్ గిటారుకు ఆయన భయపడ్డాడని అనుకునేవాణ్ణి. కానీ అది నిజం కాదు. ఆయన నన్ను చెడగొట్టాలనుకోలేదు. చెడిపోవడానికి అందులో ఏదైనా ఉందని ఆయనకు తోచలేదు, అంతే. ఇంజను చప్పుడులో వెంట్రుకంత తేడా వస్తే అన్నం మానేసి షెడ్డుకు పరుగెత్తే మనిషి, కొడుకు రెండేళ్ళుగా ఇంటి వెనక తప్పు వేగంలో నెత్తురు కార్చుకుంటుంటే టీ తాగుతూ విన్నాడు. దానికి నేనిప్పటికీ ఆయన్ని క్షమించలేదు. క్షమించినట్టు రాస్తే బాగుంటుందని తెలుసు, కానీ రాయను.

పరీక్ష రాశాను. ప్యాసయ్యాను. షెడ్డులో చేరాను. పొద్దున్నే నాన్న సైకిలు ముందు, నాది వెనక. నా చేతులకు నూనె పట్టింది. ఊరి చివర సిర్గిట్టి వైపు నాకో క్వార్టరు వచ్చింది. కలకత్తా పార్టీ మరుసటేడు రాలేదు, ఆ తర్వాత అలాంటి పార్టీలే తగ్గిపోయాయి. బేస్ వాయించడానికి మనిషి అక్కర్లేని కీబోర్డులు వచ్చేశాయి.

అయినా ఆ సోలోను వదల్లేదు. మొండితనం. నా జీతంతో వేరే టేప్ రికార్డరు తెచ్చుకుని, దాని వేగం నలుగురి దగ్గర సరిచూసుకుని, తీగలు దించి, మొదటినుంచీ మొదలుపెట్టాను. నేర్చుకోవడానికి పట్టినదానికంటే చెరపడానికి ఎక్కువ కాలం పట్టింది. బొటనవేలిని ఆగమని బతిమాలేవాణ్ణి. అది వినేది కాదు. డ్యూటీ అయ్యాక గోడకు కాలితో తాళం వేస్తూ రెండేసి దెబ్బలు, మూడేసి దెబ్బలు, చిన్నపిల్లవాడు అక్షరాలు దిద్దినట్టు దిద్దాను. కొన్నేళ్ళకు అది కూర్చుంది. లీడరు చెప్పిన ఆ కూర్చోవడం ఏమిటో నా వేలికి తెలిసింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో ఎంత సుఖముందో తెలిసింది. అప్పటికి దాన్ని విని ఔననేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

నాన్న రిటైరైన రోజున షెడ్డువాళ్ళు ఇన్‌స్టిట్యూట్ హాల్లో సెండాఫ్ పెట్టారు. బంతిపూల దండ, శాలువా, సమోసాలు. ఎవరో నన్ను వాయించమన్నారు. నేను మొహమాటపడలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు కోసం ఎదురుచూశాను. ఆయన్ని ముందు వరసలో అమ్మ పక్కన కూర్చోబెట్టి, ఎలా ఉండాలో అలా వాయించి వినిపించాలని. వినిపించాను. ఒక్క దెబ్బ తొందరపడలేదు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత నాన్నను నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆయన అందరికీ దండం పెట్టి, నా వైపు చెయ్యి చూపించాడు. "మావోడు ముందు ఇంతకన్నా బేగి వాయించీవోడు. డ్యూటీలో పడ్డాక సెయ్యి నెమ్మదైపోనాది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన మొహంలో వెటకారం కోసం వెతికాను. లేదు. కళ్ళు చెమ్మగా ఉన్నాయి. "ఓసారి ఎప్పట్లా వాయించరా. మా పెరట్లో వాయించీవోడివి కదా, అలాగ."

వాయించనని అనగలిగేవాణ్ణి. గిటారు దించి పక్కన పెట్టగలిగేవాణ్ణి. అంతమంది ముందు, మెడలో దండతో ఆయన అలా నిలబడి ఉంటే మనసొప్పలేదు. తీగలు ఒక స్వరం పైకి బిగించాను. ఇన్నేళ్ళు చెరిపానని అనుకున్నది ఎక్కడికీ పోలేదు, నా బొటనవేలికి మొత్తం గుర్తుంది. నాన్న కాలితో తాళం వేస్తున్నాడు, ఆ తప్పు వేగానికి సరిగ్గా, ఎక్కడా తప్పకుండా. అయిపోగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. జన్మలో నాకు అన్ని చప్పట్లు ఎప్పుడూ రాలేదు, మళ్ళీ రావు. ఆ పాట అలా ఉండదని ఆ హాల్లో తెలిసినవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు.